సాక్షి ఆగిన చోటు

ఆ కోర్టు హాల్లో నోరు మెదపకుండా ఉండటమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఒక్కతే. జడ్జిగారి ఎత్తు బల్లకి కింద, సాక్షి బోనుకి నాలుగడుగుల దూరంలో, ఒక చిన్న బల్ల ముందు కూచుని, వచ్చినవాళ్ళు మాట్లాడిన ప్రతి ముక్కా షార్ట్‌హ్యాండులో రాసుకుంటుంది. ఆ వంకర గీతలు చూసి లాయర్లు ఆమెకి గీతలమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత ముందరే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమె అసలు పేరు జీతాల పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

మాటలకి గీతలుంటే, మౌనానికి ఆమె దగ్గర సున్నలున్నాయి. ఇప్పటి జడ్జిగారు బదిలీ మీద వచ్చిన మొదటి రోజే ఆమెని పిలిచి చెప్పారు. "సాక్షి ఏం చెప్పాడన్నది ఎంత ముఖ్యమో, చెప్పేముందు ఎంతసేపు ఆగాడన్నదీ అంతే ముఖ్యమమ్మా. అది కూడా రాయండి." అప్పట్నుంచి సాక్షి ఆగితే గీతలమ్మ తన ఊపిరి లెక్కన, ఊపిరికో సున్న చుడుతుంది. టైపు చేసేటప్పుడు ఆ సున్నలున్న చోట బ్రాకెట్లో 'సాక్షి ఆగి' అని కొడుతుంది. రెండు మూడు రోజుల తర్వాత సాక్షిని మళ్ళీ పిలిపించి ఆ టైపు కాగితాలు ఆమే చదివి వినిపించాలి. విన్నవాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి. అదీ అక్కడి పద్ధతి.

సోమవారం నాడు బోనెక్కింది వీధులు ఊడ్చే మనిషి. ఆమె కోర్టుకి రావడం అది నాలుగోసారి. ముందు మూడుసార్లూ కేసు వాయిదా పడింది. ఆమె కంటే ముందు సాక్ష్యం చెప్పాల్సిన ఒక పేరున్న గాయనికి తీరిక దొరకలేదు. ఒకసారి కచేరీ, ఒకసారి గొంతునొప్పి, ఒకసారి విమానం ఆలస్యం. ఊడ్చే మనిషికి కచేరీలు లేవు, గొంతునొప్పి వచ్చినా అడిగేవాళ్ళు లేరు. అందుకని పిలిచినప్పుడల్లా వచ్చి, వరండాలో బల్ల చివర కూచుని, సాయంత్రం లేచి వెళ్ళిపోయేది. చివరికి జడ్జిగారే విసుగెత్తి, వచ్చినావిడనైనా ముందు వినేద్దాం అన్నారు.

కేసు పెద్ద చిక్కుదేం కాదు. తెల్లవారుజామున, రాత్రి కాపలా ముగించుకుని సైకిలు మీద ఇంటికెళ్తున్న ఒక వాచ్‌మన్‌ని గాయని కారు గుద్దింది. కాలు నుజ్జయిపోయింది. కారు నడిపింది నేనే అని ఆమె డ్రైవరు పోలీసులకు చెప్పాడు. నెల తిరక్కుండానే, నేను కాదు, అమ్మగారే నడిపారు, నన్ను ఒప్పుకోమన్నారని ఒప్పుకున్నాను అని మాట మార్చాడు. మాట మార్చినవాణ్ణి ఎవరు నమ్ముతారు? జామీను ఉండేవాళ్ళు లేక జైల్లోనే ఉన్నాడు. గాయని నడిపిందనడానికి అతనికున్న ఆధారం అల్లా ఈ ఊడ్చే మనిషి నోటి మాటే.

డ్రైవరు తరఫు లాయరు అడిగినప్పుడు ఆమె చెప్పాల్సింది చెప్పింది. ముందు తలుపు తీసుకుని స్టీరింగు ముందునుంచి దిగింది ఒక ఆడమనిషి. వెనక సీట్లోంచి కళ్ళు నులుముకుంటూ దిగినవాడు ఈ డ్రైవరు. అంతే. అప్పుడు ప్రభుత్వ లాయరు లేచాడు. డ్రైవరే నేరస్థుడని నిరూపించడం ఆయన పని, ఆ పనిలో ఆయనకి మంచి పేరుంది.

"ఆ టైములో నువ్వెంత దూరంలో ఉన్నావు?"

సున్న. "మూల దగ్గరండి. చెత్త కుప్ప చేసిన చోట."

"మూలంటే ఎన్ని గజాలు?"

రెండు సున్నలు. "గజాలు నాకు తెలీదు బాబూ. నలభై చీపురు దెబ్బలుంటుంది."

హాల్లో నవ్వారు. ప్రభుత్వ లాయరు కూడా నవ్వి, ఆ నవ్వుతోనే ఇంకో అడుగు ముందుకొచ్చాడు. "నలభై చీపురు దెబ్బల అవతల, ఆ మసకలో, దిగింది ఆడమనిషేనని నీకెలా తెలిసింది?"

సున్న, సున్న. "జోళ్ళు చేత్తో పట్టుకుని దిగింది. మడమ ఎత్తుగా ఉండే జోళ్ళు. ఉత్త కాళ్ళతో అలాగే నిలబడిపోయింది. అద్దం పెంకులున్నాయి తల్లీ, కాళ్ళు జాగర్త అని నేనే కేకేశాను."

"అడిగినదానికల్లా ఇలా నీళ్ళు నములుతున్నావేంటి? ఎవరు నేర్పి పంపారు?"

"నేర్పడానికేముంది బాబూ. నాకు మాట తొందరగా రాదు. తెల్లారకముందే పనిలోకి దిగుతాను. ఆ వేళప్పుడు వీధిలో నేనూ, నా చీపురే. మాట్లాడే అలవాటు తప్పిపోయింది."

ప్రభుత్వ లాయరు జడ్జిగారి వైపు తిరిగి చేతులు రెండూ చాపాడు. "అయ్యా, సాక్షి పదకొండుసార్లు ఆగింది. నేను లెక్కపెట్టాను. నిజం చెప్పేవాళ్ళకి ఆలోచనతో పనుండదు. అల్లుకుని చెప్పేవాళ్ళకే దారం ఎక్కడ తెగిందో వెతుక్కునే అవసరం. ఇది రికార్డులో గమనించమని కోరుతున్నాను."

గీతలమ్మ అదీ రాసుకుంది. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదని ఆమెకి అనిపించింది. కానీ ఆమెకి అనిపించినవి రాయడానికి ఏ గుర్తూ లేదు.

భోజనాల వేళ ఊడ్చే మనిషి మెల్లిగా ఆమె బల్ల దగ్గరికొచ్చి పుస్తకంలోకి తొంగి చూసింది. "ఆ గుండ్రాలేంటమ్మా?"

"మీరు ఆగిన చోట్లు."

"మాట్లాడకపోయినా రాస్తారా!"

"రాయాలి."

ఆమె ఆ సున్నల వంక చాలాసేపు చూసింది. ఫిర్యాదు ఏమీ చెయ్యలేదు. పైగా అబ్బురపడింది. "నోరు తెరిస్తేనే ఎవరూ వినరు. నోరు మూసుకున్నది కూడా విన్నారు మీరు," అని, చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది. గీతలమ్మకి ఆ మెప్పు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, అత్తగారు. భర్త సరుకు ఓడల మీద పని చేస్తూ ఆరు నెలలకోసారి ఇంటి మొహం చూస్తాడు. అత్తగారికి మోకాళ్ళు సహకరించవు కాబట్టి కిటికీ పక్క కుర్చీయే ఆవిడ రాజ్యం, దాని పక్కన బల్ల మీద రేడియోయే మంత్రి. ఆ రేడియోలో గాయని గొంతు వచ్చినంతసేపూ ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. కోడలు ఆ ఇంట అడుగు పెట్టిన మర్నాడు నేర్చుకున్న మొదటి పాఠం అది. వద్దు వద్దంటూనే రెండో ఏటికల్లా తనూ ఆ గొంతుకి బానిసైంది. ఓడ కబురు రాని వారాల్లో ఆమెని నిలబెట్టింది ఆ గొంతే. ఎవరైనా ఆవిడ పాట బాగోలేదంటే, మా ఇంటి మనిషిని అన్నట్టు ఉడుక్కునేది.

"రేపు ఆవిడ నీకు ఎంత దూరంలో కూచుంటుందే?" అని అడిగింది అత్తగారు.

"నాలుగడుగులు."

"నాలుగే! ఏం పుణ్యం చేసుకున్నావే తల్లీ. నలభయ్యేళ్ళుగా నేను రేడియోకి రెండడుగుల దూరంలో కూచున్నాను, ఏం లాభం? ఒక్కసారి ఇటు తిరిగి, బాగున్నావా అని అడిగిందా?"

"కేసు సంగతులు ఇంట్లో మాట్లాడకూడదు అత్తయ్యా."

"కేసు ఎవడిక్కావాలి? ఆవిడ మామూలు మనుషుల్లాగే దగ్గుతుందేమో చూసి రా."

మంగళవారం పొద్దున కోర్టుకి ఎన్నడూ లేని కళ వచ్చింది. బంట్రోతు బోనులో చెక్కని రెండుసార్లు తడిగుడ్డతో తుడిచాడు. హెడ్ క్లర్కు ఇస్త్రీ మడత విప్పని చొక్కా తొడుక్కొచ్చాడు. పక్క కోర్టుల్లో పనున్న లాయర్లకి కూడా ఇక్కడే పని పడింది. గేటు బయట జనం పోలీసు తాళ్ళు తెంచేలా ఉన్నారు. ఇంతలో ఆ గోలంతా ఒక్కసారి అణిగింది. ఎవరూ ష్ అనలేదు. దానంతటదే అణిగింది. గాయని తలుపులోంచి లోపలికి వచ్చింది.

ఫొటోల్లో కంటే పొట్టి మనిషి. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. నడుస్తూ నడుస్తూ బల్ల అంచుని చేత్తో తాకి, నేల ఎక్కడుందో చూసుకున్నట్టు అడుగు వేసింది.  కొండని దూరం నుంచి చూసి చూసి, ఒకరోజు దాని పాదం దగ్గర నిలబడినప్పుడు కాళ్ళలో వచ్చే వణుకు లాంటిది గీతలమ్మకి వచ్చింది. పెన్సిలు రెండుసార్లు చెక్కింది. మొన అంతకు ముందే బాగుంది.

"కుర్చీ వెయ్యండి. కూర్చోండమ్మా," అన్నారు జడ్జిగారు. సాక్షులకి కుర్చీ వెయ్యడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు. నిన్న ఊడ్చే మనిషి రెండు గంటలు నిలబడింది.

గాయని ప్రమాణం చేసింది. రోజూ వంద నోళ్ళలో నలిగి అరిగిపోయిన మాటలవి. ఆ గొంతులో పడేసరికి వాటికి కొత్త ప్రాణం వచ్చింది. నిజమే చెబుతాను అని ఆవిడంటే, నిజం అనేది ఒకటుందని గీతలమ్మకి ఆ క్షణాన చిన్నపిల్లలా నమ్మకం కలిగింది. ఇది పాట కాదు, మాట, రాసుకోవాలి అని తనని తాను గిల్లుకుని పెన్సిలు కదిపింది.

ప్రభుత్వ లాయరు నిన్నటి మనిషి కాదు. నడుం కాస్త వంగింది, గొంతు సగానికి తగ్గింది. "మిమ్మల్ని ఇక్కడిదాకా రప్పించినందుకు మన్నించాలమ్మా. ఒక్క రెండు మాటలే. ఆ వేళ కచేరీ ముగించుకుని వస్తున్నారు కదా?"

"అవును."

"ఆ సమయంలో స్టీరింగు ముందు ఎవరున్నారో కోర్టువారికి చెప్పగలరా?"

"నేను," అంది గాయని.

అని ఆగింది.

హాల్లో ఫ్యాను తిరుగుతోంది. కటకటాల పక్కన, పోలీసు మనిషి చెయ్యి భుజం మీద ఉండగా, డ్రైవరు తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఆవిడ అతని వంక చూడలేదు. జడ్జిగారి కలం గాల్లో ఉంది. ఆ మౌనంలో ఎవరూ కాలు కూడా మార్చలేదు. గీతలమ్మ చెయ్యి, తెలియకుండానే, సున్నలు చుట్టింది.

"వెనక సీట్లో ఉన్నాను. మా డ్రైవరు నడిపాడు."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. తర్వాతవన్నీ గడగడా అయిపోయాయి. డ్రైవరు లాయరు ఏదో అడగబోతే, గౌరవంగా అడగండి అని జడ్జిగారే రెండుసార్లు అడ్డుపడ్డారు. పావుగంటలో గాయని లేచి అందరికీ నమస్కారం పెట్టింది. హెడ్ క్లర్కు తలుపుదాకా వెళ్ళి సాగనంపి వచ్చి, గీతలమ్మ బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. "పేపరువాళ్ళు కూచున్నారు. లాయరుగారికీ కాపీ కావాలట. చకచకా కొట్టెయ్యమ్మా."

ఆమె చకచకానే కొట్టింది. చెవుల్లో ఆ గొంతు ఇంకా మోగుతూనే ఉంది, వేళ్ళు దాని వెంట పరిగెత్తాయి.

బుధవారం ఉదయం ఎర్ర పెన్సిలు పట్టుకుని పుస్తకాన్నీ టైపు కాగితాల్నీ పక్కపక్కన పెట్టుకుంది. ఒక్కో పుట సరిపోయిందనుకున్నాక చివర ఒక టిక్కు పెట్టడం ఆమె అలవాటు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఆ టిక్కు మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. ఊడ్చే మనిషి కాగితాలు ఆరు పుటలు, ఆరు టిక్కులు. 'సాక్షి ఆగి' పదకొండు చోట్ల ఉంది. గాయనివి నాలుగు పుటలు. మూడో పుట దగ్గర ఎర్ర పెన్సిలు ఆగిపోయింది.

టైపులో ఇలా ఉంది: 'నేను వెనక సీట్లో ఉన్నాను.'

పుస్తకంలో నేను అన్న గీత తర్వాత నాలుగు సున్నలున్నాయి.

 నాలుగు సున్నలంటే 'సాక్షి చాలాసేపు ఆగి' అని కొట్టాలి. మామూలు జేబుదొంగ అయినా, అత్తాకోడళ్ళ తగువైనా ఆమె ఏనాడూ మరిచిపోలేదు. ఊడ్చే మనిషి ఒక్క ఊపిరి తీస్తే ఒక్క ఊపిరీ కాగితం మీదకి ఎక్కించింది. మరి ఇక్కడ? మరిచిపోలేదు, అదే ఆమెని భయపెట్టింది. వేళ్ళు ఆ చోటికి వచ్చినప్పుడు వాటికవే గౌరవంగా పక్కకి తప్పుకున్నాయి, పెద్దవాళ్ళు ఎదురైతే దారిస్తామే, అలాగ. నిన్న జడ్జిగారు వేయించిన కుర్చీ చూసి లోపల మూతి తిప్పుకుంది. తనూ ఒక కుర్చీ వేసింది. ఎవరికీ కనిపించని కుర్చీ.

హెడ్ క్లర్కు అంతా విని, ముందు తలుపు దగ్గరగా వేశాడు. "ఆగడం ఆగకపోవడం ఎవడు చూశాడమ్మా? ఆ మాటల్లో ఒక్క అక్షరం మారిందా?"

"మారలేదండి."

"ఆవిడ అడగలేదు, లాయరు అడగలేదు, జడ్జిగారు అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పైగా కాపీ బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళిన కాపీ ఒకటి, ఫైల్లో కాపీ ఒకటి అయితే ముందు నీ ఉద్యోగానికే ఎసరొస్తుంది. నాలుగు సున్నల కోసం పంతొమ్మిదేళ్ళ సర్వీసు పోగొట్టుకుంటావా?"

"ఆ ఊడ్చే మనిషివి పదకొండు చోట్ల రాశాను కదండీ."

"ఆవిడా, ఈవిడా ఒకటేనా?"

ఆ ప్రశ్న అడిగాక ఆయనకే ఏదోలా అనిపించింది కాబోలు, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి రేడియోలో అదే గొంతు. అత్తగారు కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేలితో తాళం వేస్తోంది. పాట మధ్యలో ఒకచోట గొంతు ఆగింది. వాద్యాలు కూడా ఆగాయి. ముసలావిడ వేలు గాల్లోనే నిలిచిపోయింది. తర్వాత గొంతు మళ్ళీ అందుకుంది, వేలు మోకాలి మీద వాలింది.

"అత్తయ్యా, ఆ ఆగిన ముక్క తీసేసి, ముందూ వెనకా అతికించేశారనుకోండి. మాటలైతే అవే ఉంటాయి కదా?"

అత్తగారు కళ్ళు తెరిచి, కోడలికి జ్వరం వచ్చిందేమోనన్నట్టు చూసింది. "అప్పుడది ఆవిడ పాటెందుకవుతుందే? ఆవిడ ఊరికే ఆగదు. ఆగితే ఆ చోట ఏదో ఉన్నట్టే లెక్క."

 గురువారం గీతలమ్మ అందరికంటే ముందు ఆఫీసుకెళ్ళి, తాళం తీయించుకుని, మూడో పుట మళ్ళీ టైపు చేసింది. ఎర్ర టిక్కు పెట్టింది. ఉద్యోగం పోతే ఓడ మీద మనిషికి ఏమని ఉత్తరం రాయాలో కూడా ఆలోచించుకుంది. 

పదకొండు గంటలకి జడ్జిగారు వచ్చారు. ముందు ఊడ్చే మనిషి సాక్ష్యం. గీతలమ్మ నిలబడి చదువుతుంటే ప్రతి 'సాక్షి ఆగి' దగ్గరా ఆమె తల కాస్త కాస్తగా వంగిపోయింది. "ఒప్పుకుంటావా?" అని అడిగితే, "ఆగిన మాట నిజమేనండి," అని, ఒక్కో అక్షరం ఊడ్చి కుప్ప చేసినంత శ్రద్ధగా సంతకం పెట్టింది. కటకటాల పక్కన డ్రైవరు నేల చూపులు చూస్తున్నాడు.

తర్వాత గాయని. మళ్ళీ కుర్చీ, మళ్ళీ నిశ్శబ్దం. గీతలమ్మ రెండు పుటలు చదివింది. మూడో పుట దగ్గరికి వచ్చేసరికి తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"జవాబు. నేను. బ్రాకెట్లో, సాక్షి చాలాసేపు ఆగి. వెనక సీట్లో ఉన్నాను."

ప్రభుత్వ లాయరు ఒంటికాలి మీద లేచాడు. "అయ్యా! ఇదెక్కడిది? నా దగ్గరున్న కాపీలో ఈ మాటే లేదు. ఇదిగో, కోర్టు ముద్రతో ఇచ్చిన కాపీ. రాత్రికి రాత్రి రికార్డులో కొత్త మాటలు మొలుస్తాయా?"

హెడ్ క్లర్కు గోడ వైపు తిరిగాడు. జడ్జిగారు రెండు కాపీలూ తెప్పించుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. "ఇవి రెండెలా అయ్యాయమ్మా?"

పంతొమ్మిదేళ్ళలో ఆ హాల్లో గీతలమ్మ తన మాట అంటూ చెప్పడం అదే మొదలు. "మొదటిది నా తప్పండి. సాక్షి ఆగారు. నేను పుస్తకంలో రాసుకున్నాను. టైపులో వదిలేశాను. ఇంకెవరిదైనా అయితే వదిలేదాన్ని కాదు." కాస్త ఆగి, "రెండోది నా పుస్తకం ప్రకారం ఉంది," అంది.

"పుస్తకంలో సున్నలు ఎప్పుడైనా చుట్టొచ్చు," అన్నాడు ప్రభుత్వ లాయరు. "అమ్మగారు అక్కడ ఆగలేదు. మేమంతా ఇక్కడే ఉన్నాం."

జడ్జిగారు గాయని వైపు తిరిగారు. "మీరే చెప్పండి. ఆగారా?"

ఆవిడ జవాబు చెప్పకుండా చెయ్యి చాపింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గీతలమ్మ వెళ్ళి పుస్తకం ఆ చేతిలో పెట్టింది. వేలితో ఆ వరస చూపించింది. అంత దగ్గర నుంచి ఆవిడ శ్వాస వినిపిస్తోంది.

"ఇవేంటి?"

"మౌనానికి గుర్తులండి. నా ఊపిరి ఒక్కోదానికీ ఒక్కో సున్న."

గాయని ఆ సున్నల్ని చూస్తూ చూపుడువేలితో కుర్చీ చెయ్యి మీద మెల్లిగా తట్టింది. ఒకటి. రెండు. ఆ రోజు ఆగినంత సేపూ లోపల మళ్ళీ ఆగి చూసుకుంటోంది. జనం ఆ వేలి వంకే చూస్తున్నారు.

"నాలుగు కాదు," అంది.

ప్రభుత్వ లాయరు మొహం విప్పారింది. "చూశారా అయ్యా!"

"అయిదు. ఒకటి తక్కువ రాశారు."

 గీతలమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆ గొంతు ఆగిపోయినప్పుడు తనూ ఊపిరి బిగబట్టింది. తీయని ఊపిరికి సున్న పడలేదు. నలభై ఏళ్ళు తాళం తప్పని మనిషి, తనకే చేటు చేసే చోట కూడా తాళం తప్పలేకపోయింది. ఇది గొప్పతనమో, అలవాటో, ఇంకేదో గీతలమ్మకి తెలియలేదు. చెమర్చిన కళ్ళతో పుస్తకం తీసుకుని, ఆ వరస చివర అయిదో సున్న చుట్టి, పక్కన తన పొడి సంతకం పెట్టింది.

ప్రభుత్వ లాయరు గొంతు సవరించుకున్నాడు. నేర్పరి, త్వరగానే తేరుకున్నాడు. "సరే అయ్యా, ఆగారే అనుకుందాం. ఆగితే ఏమైంది? మనిషన్నాక మాట మాటకీ మధ్య ఆగదా? అలవాటు లేని చోటు, ఇంతమంది జనం. ఆగినంత మాత్రాన అబద్ధమని ఏ చట్టం చెబుతుంది?"

"చాలా సబబైన మాట," అన్నారు జడ్జిగారు. "అమ్మా, లాయరుగారి మాట యథాతథంగా రాసుకోండి."

గీతలమ్మ రాసుకుంది. జడ్జిగారు పక్కనున్న ఊడ్చే మనిషి ఫైలు దగ్గరికి లాక్కుని, ఒక్కో పుటా తిప్పారు. తొందరేమీ లేదు. "మరి ఈ సాక్షికి కూడా ఇది అలవాటు లేని చోటే కదా. ఈవిడ ఆగినవన్నీ పక్కన పెట్టేద్దాం. అప్పుడు ఈవిడ చెప్పినదాంట్లో మీరు తప్పు పట్టినదేముందో చూపించండి."

ప్రభుత్వ లాయరు తన కాగితాలు తిప్పాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఆయన తప్పు పట్టినవల్లా ఆమె ఆగిన చోట్లే.  చివరికి, "అయ్యా, అమ్మగారికి కారు నడపడమే అలవాటు లేదు. ముప్ఫయ్యేళ్ళుగా స్టీరింగు ముట్టుకోలేదు," అని మాత్రం అన్నాడు.

 జడ్జిగారు కుర్చీలో కూచున్న గాయని వంకా, గోడకానుకుని నిలబడ్డ ఊడ్చే మనిషి వంకా ఒకసారి చూశారు. వేయించిన కుర్చీ తనదేనని గుర్తొచ్చినట్టు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత గీతలమ్మకి ఆర్డరు చెప్పడం మొదలుపెట్టారు. కారు ఎవరు నడిపారన్నది పోలీసులు మొదట్నుంచీ మళ్ళీ విచారించాలి. అంతవరకూ డ్రైవర్ని అతని సొంత పూచీ మీద ఇవాళే విడిచిపెట్టాలి. గాయని కోర్టుకి చెప్పకుండా ఊరు దాటకూడదు.

"అయ్యా, వచ్చేవారం ఆవిడకి కచేరీ..." అన్నాడు ప్రభుత్వ లాయరు.

"ఎవరికుండే పనులు వాళ్ళకుంటాయి," అన్నారు జడ్జిగారు.

గీతలమ్మ తలెత్తకుండా రాస్తూనే ఉంది. ఆమె ఇన్నేళ్ళూ ఈ గదిలో చట్టం అనే మాట రోజుకి యాభైసార్లు రాసింది. అది ఉందని ఇవాళే చూసింది. మామూలు బల్ల, మామూలు కాగితం, ముసలాయన ఒకాయన మామూలు గొంతుతో చెబుతున్న నాలుగు వాక్యాలు. బయట గేటు విరగ్గొట్టేలా ఉన్న అంత జనం కూడా ఆ నాలుగు వాక్యాల్ని జరపలేరు.

జడ్జిగారు ఆర్డరు మీద సంతకం పెడుతుండగా పోలీసు మనిషి డ్రైవరు భుజం మీది చెయ్యి తీశాడు. డ్రైవరు కదల్లేదు. ఏం చెప్పారో అతనికి ఎక్కినట్టు లేదు.

"నిన్ను ఇంటికెళ్ళమంటున్నారయ్యా," అంది ఊడ్చే మనిషి, పక్కనుంచి. ఈసారి మాట వెంటనే వచ్చింది.

అతను అటు చూశాడు, ఇటు చూశాడు. తొమ్మిదేళ్ళ చాకిరీ ఒక్కసారిగా వదులుతుందా? గాయని కుర్చీలోంచి లేవడం చూసి, అలవాటు కొద్దీ తలుపు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. "మరి అమ్మగారు ఇంటికెలా వెళ్తారండీ? బండి ఎవరు తీస్తారు?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొందరు అందుకున్నారు.

"నేను నడుపుకుంటానులే," అంది గాయని. "నువ్వు ఇంటికెళ్ళు."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జడ్జిగారి కలం సంతకం మధ్యలో నిలిచింది. కోర్టు ఇంకా లేవలేదు, గీతలమ్మ పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది. ఆవిడ మాట మొత్తం రాసుకుంది. ఆవిడ ఎక్కడా ఆగలేదు.